నీళ్ళు పోయని గడప

చిన్నతాయి ఏడిస్తే రాయి కూడా చెమరుస్తుందని దోనప్పనాయక్కన్‌పట్టిలో అంటారు. అది పొగడ్తో ఎకసెక్కమో మాత్రం ఎవరూ తేల్చి చెప్పరు. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ పోయే పెద్ద రోడ్డు మీద బస్సు దిగి, నల్లరేగడి చేల మధ్య పడమటికి నడిస్తే వచ్చే ఊరది. ఇళ్ళలో తెలుగు, వీధిలో తమిళం. బతుకంతా రెండు భాషల్లో వెళ్ళదీసినా చావు దగ్గర ఏడుపు మాత్రం తెలుగులోనే సాగాలి. పాడె లేచేలోపు చిన్నతాయి రాకపోతే పోయినవాడు దారి తప్పుతాడని ముసలివాళ్ళ నమ్మకం. ఆమె వచ్చి, కొంగు నడుముకు బిగించి, శవం తలవైపు కూచుని మొదటి రాగం తీసిందంటే, అప్పటిదాకా కాఫీ తాగుతూ పత్తి ధర మాట్లాడుకుంటున్న బంధువులకు కూడా కళ్ళు తిరిగేటంత ఏడుపొచ్చేది.

ఈ విద్య ఆమెకు అత్త సీనియమ్మాళ్ నుంచి వచ్చింది. సీనియమ్మాళ్ మహా గయ్యాళి. బతికున్నవాళ్ళలో ఒక్కరినీ మంచిమాట అని ఎరగదు, చచ్చినవాళ్ళలో ఒక్కరినీ చెడ్డమాట అని ఎరగదు. కొత్త కోడలి గొంతు విన్న రోజునే, ఇది వంటకు పనికిరాదు గాని ఏడుపుకు పనికొస్తుందని తీర్పు చెప్పేసింది. చిన్నతాయికి మొదట్లో ఒళ్ళు మండింది. తర్వాత తర్వాత, తన గొంతు వినబడగానే ఊరు ఊరంతా చేతిలో పని ఆపడం చూసి, లోలోపల గర్వపడడం నేర్చుకుంది.

అయితే మనిషి చావుకు ఏడవడం చిన్న పని. పెద్ద పని వేరే ఉంది. వానలు దిగాల్సిన అయిప్పసి నెల వచ్చినా మబ్బు పట్టక, పత్తి మొలక మాడిపోతుంటే ఆ ఊరి ఆడవాళ్ళు ఒక ఆడబొమ్మను చేస్తారు. ఒళ్ళంతా గడ్డి, తల మట్టికుండ. కుండ మూతిలో గడ్డి కుక్కి, బంకమట్టి మెత్తి, గుడ్డతో బిగించి కడతారు. కళ్ళకు రెండు గవ్వలు లక్కతో అతికిస్తారు. ఒప్పారి, అదే చావు పాట, పాడే ఆమె పాత చీర ఒకటి దానికి చుడతారు. దాన్ని కొడుంబావి అంటారు, మహాపాపి అని. వానకు అడ్డుపడ్డ ఊరి పాపమంతా దాని నెత్తిన రుద్ది, కాళ్ళకు తాడు కట్టి వీధులెంట ఈడుస్తారు, వెనకే శవం వెంట ఏడ్చినట్టు ఏడుస్తూ నడుస్తారు. ప్రతి గడప ముందూ తాడు ఆపాలి. ఆ ఇంటి ఆడది బిందెడు నీళ్ళు దాని మీద కుమ్మరించాలి. తాగడానికి లేకపోయినా పోయాల్సిందే. అలా వీధులన్నీ తిప్పి, ఎండిన వాగులోకి దించి, వాగు వెంటే ఈడ్చుకుపోయి కోరపల్లంలో పాతిపెడతారు.

ఊరి చెరువును అక్కడ కమ్మాయి అంటారు. వాగు ఆ కమ్మాయిలో కలిసే ముందు ఒళ్ళు విరుచుకున్నట్టు పరుచుకునే బురద నేలే కోరపల్లం. నిలువెత్తు తుంగ. ఎంత కోపంగా వచ్చిన వాగైనా ఆ తుంగలో పడి మట్టి దించుకుని, మెల్లగా, మర్యాదగా కమ్మాయిలోకి దిగేది. ఎండాకాలంలో ఆ నల్లమట్టి కాలు దిగబడేంత బీటలు తీసేది. ఆ బీటల అడుగున కప్పలు ఊపిరి బిగబట్టుకుని ఉండేవి. మేకలు అటు పోవు. మనుషులూ పోరు, పాతిపెట్టే రోజున తప్ప. ఎందుకంటే ఆ నేల అడుగున తాతల కాలం నుంచి పాతిన గవ్వకళ్ళ తలలు ఉన్నాయి.

పాతినాక ఒప్పారి ఆమె ఒక్క మాట అనాలి. "పోయిన తోవనే తిరిగి రా." వాన రూపంలో రమ్మని. అది అన్నాక ఎవరూ వెనక్కి తిరిగి చూడకూడదు. ఇంకో కట్టుబాటు ఒప్పారి ఆమెకు మాత్రమే. పాతిన చోటు పేరు ఆ నోటితో ఎన్నడూ పలకకూడదు. పలికితే అకాలంలో పిలిచినట్టవుతుంది. ఇవన్నీ చెప్పి సీనియమ్మాళ్ కోడలి చెయ్యి పట్టుకుని మరొకటి చెప్పింది.

"నీళ్ళు పోయని గడపకి ఆమె మళ్ళా వొస్తాదే. అడిగేకు కాదు, తీసకపొయ్యేకు."

ఊళ్ళో నీళ్ళు పోయని గడప అంటూ ఎప్పుడూ లేదు గనక ఆ మాటకు చిన్నతాయి అప్పట్లో పెద్దగా భయపడలేదు.

తర్వాత విరుదునగర్ నుంచి తంగరాజ్ వచ్చాడు. తండ్రిది మిరపకాయల మండీ, కొడుకుది ప్లాట్ల వ్యాపారం. చెడ్డవాడని చెప్పలేం. నవ్వుతూ పలకరిస్తాడు, బేరంలో మాట తప్పడు, ఊరి పొంగలికి బియ్యం మూటలు పంపిస్తాడు. కోరపల్లం పట్టా ఎప్పుడో అరుప్పుకోట్టై వలసపోయిన ఒక కుటుంబం పేరున ఉంటే వాళ్ళను వెతికి పట్టుకుని కొన్నాడు. అతని కంటికి అది పంట లేని, పని లేని ఖాళీ నేల. లారీల వెనక లారీలు ఎర్ర గ్రావెల్ తెచ్చి పోశాయి. కరుప్పయ్య అనే జేసీబీ డ్రైవరు దాన్ని నిలువెత్తున చదును చేశాడు. వాగును ఒక సిమెంటు గొట్టంలో దూర్చి, పైన తారు రోడ్డేశారు. చుట్టూ కాంపౌండ్ గోడ, ముందు ఆర్చి, ఆర్చి మీద స్వర్ణపురి గార్డెన్ అని బంగారు రంగు అక్షరాలు. లోపల గార్డెన్ మాట దేవుడెరుగు, ఆముదం మొక్క కూడా లేదు.

చిన్నతాయికి ఒక్కతే కూతురు, కార్తీశ్వరి. కోవిల్‌పట్టిలో చదువుకుంది. బళ్ళో పిల్లలు ఆమెను ఏడుపు అమ్మ కూతురని పిలిచేవాళ్ళు. ఆ ముల్లు ఇప్పటికీ గుండెలోంచి పోలేదు. మొగుడు శరవణకుమార్ అచ్చాఫీసులో మిషన్ మీద పని. సొంత ఇల్లు వాళ్ళ కల. కార్తీశ్వరి తండ్రి సుబ్బురాజ్ పోయినాక మిగిలిన మెట్టచేను అమ్మించి, స్వర్ణపురిలో ప్లాటు కొనుక్కున్నారు. అన్నిటికన్నా చివరిది, పల్లపు మూలది, వెనక గోడకు ఆనుకున్నది. సరిగ్గా కోరపల్లం మూతి మీద.

చిన్నతాయికి అది తెలుసు. కళ్ళు మూసి నడిపించినా ఆ చోటు ఆమె పాదాలు గుర్తుపడతాయి. కూతురు కాగితం పరిచి ఇదీ మన చోటు అని మురిసిపోతుంటే తల్లి నోరు తెరిచింది, మూసింది. పేరు పలకకూడదు కదా. కడుపున పుట్టినదాన్ని పాతిన తలల మీద కాపురం పెడుతుంటే కట్టుబాటని నోరు కుట్టుకుని కూచుందంటే ఎవరికైనా ఆమెను తిట్టాలనిపిస్తుంది. తనకు తాను ఏదో సర్దిచెప్పుకుంది. నిలువెత్తు గ్రావెల్ పడింది, ఇంకెక్కడ లేస్తాయిలే అనుకుంది.

ఇల్లు లేచింది. మనవరాలు పుట్టింది. నడిమింట్లో ఉయ్యాల కట్టారు. ఆ నడిమిల్లు మాత్రం అదోలా ఉండేది. చిత్తిరై ఎండలో బయట కాకులు నోళ్ళు తెరిచి రొప్పుతుంటే, లోపల ఉయ్యాల కింద టైల్సు చల్లగా, తడిచెయ్యి తగిలినట్టు ఉండేవి. టైల్సు అతుకుల దగ్గర గుండ్రంగా చెమ్మ మరకలు లేచేవి. తుడిస్తే పోయి, మర్నాటికి అక్కడే మళ్ళీ లేచేవి. కొన్ని పొద్దుల్లో తెల్ల కొంగలు వచ్చి ఖాళీ ప్లాట్లలో, ఎర్రటి ఎండు గ్రావెల్ మీద, నీళ్ళలో నిలబడ్డట్టు ఒంటికాలి మీద నిలబడేవి. మేత లేదు, నీళ్ళు లేవు. అన్నీ కార్తీశ్వరి ఇంటివైపే చూస్తూ నిలబడేవి.

ఒక రోజు మనవరాలిని జోకొడుతూ చిన్నతాయి నేలకు చెవి ఆనించింది. కింద, చాలా లోతున, ఒక కప్ప అరిచింది. ఇంకోటి జవాబిచ్చింది. ఆమె గబుక్కున లేచి కూచుంది. ఈ వానాకాలం పోయేదాకా పిల్లనెత్తుకుని ఊళ్ళో ఇంటికి వచ్చెయ్యమని కూతుర్ని బతిమాలింది. కారణం అడిగితే చెప్పలేకపోయింది.

"నీకి యాడ చూసినా చావే కనిపిస్తాదిమా. నా ఇంట్లోనన్నా ఏడుపు లేకుండా ఉండనీ," అంది కార్తీశ్వరి.

ఆ ఏడే కరువు కాటేసింది. పురట్టాసి పోయి అయిప్పసి వచ్చినా ఆకాశం గచ్చు చేసినట్టు గట్టిగా ఉంది. ఆడవాళ్ళు బొమ్మ చేశారు. చిన్నతాయి తన నీలిగళ్ళ చీర తెచ్చి చుట్టింది. కానీ ఏ దారిన ఈడ్చాలి? వాగు గొట్టంలో ఉంది, పల్లానికి గోడ ఉంది. ఊరి పెద్దలు తంగరాజ్‌ను అడిగారు. బోర్లు ఎండి, ప్లాట్లు అమ్ముడుపోక అతనూ వాన కోసమే చూస్తున్నాడు. సంతోషంగా ఆర్చి తలుపులు తీయించి, తారు రోడ్డు మీదుగా రమ్మన్నాడు. వెనక గోడ దగ్గర పార్కుకని వదిలిన చోట పాతుకోమన్నాడు. సమస్య తీరిందని అందరూ సంబరపడ్డారు. దారి మారిస్తే ఏమవుతుందని ఒక్కరికీ తోచలేదు. వాన రావడమే కావాలి, ఏ దారిన వస్తే ఏమని.

మట్టివీధిలో మెత్తగా జారే కొడుంబావి తారు రోడ్డు మీద మొదటిసారి చప్పుడు చేసింది. గడ్డి బరబరమని గీరుకుంది. కుండ తల ఆ పక్కకు ఈ పక్కకు పొర్లి టకటకమని తలుపు తట్టినట్టు మోగింది. స్వర్ణపురిలో ఉన్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు, అయినా వింతకో భక్తికో తలా ఒక చెంబెడు పోశారు. చివరి ఇంటికి వచ్చేసరికి తలుపు మూసి ఉంది.

లోపల పసిపిల్ల ఏడుపు వినబడుతోంది. కార్తీశ్వరి ఉంది. తల్లి జుట్టు విరబోసుకుని వీధిలో ఏడుస్తూ రావడం ఇరుగుపొరుగు చూస్తున్నారని సిగ్గుతో తలుపు వెనక నిలబడిపోయింది. ఒప్పారి ఆమె ఏ గడపనూ నోరు తెరిచి అడగకూడదు. చిన్నతాయి పాట ఆపలేదు.

"దప్పికతో వొస్తివా నా తల్లీ, దావ దూరమాయెనే,
గడపకాడ నిలిస్తివా నా తల్లీ, గడియ ఎవురు తీసేరే..."

ఎంతసేపు పాడినా గడియ తియ్యలేదు. కుండ తల పక్కకు ఒరిగి, రెండు గవ్వలూ ఆ తలుపునే చూస్తూ ఉండిపోయాయి. చివరికి తాడు లాగారు. ఇంటి వెనక పార్కు చోట గ్రావెల్ తవ్వి పాతారు. చిన్నతాయి అలవాటు ప్రకారం ఆ మాట అంది. "పోయిన తోవనే తిరిగి రా." అన్నాక గాని ఆమెకు తట్టలేదు. పోయిన తోవ అంటే ఇన్నాళ్ళూ వాగు. ఈసారి ఆర్చి, తారు రోడ్డు, ఆ గడప.

వాన వచ్చింది. మొదట్లో ఊరు పండగ చేసుకుంది. తెరిపి లేకుండా కురవడం మొదలెట్టాక చేలు నిండి, మిగిలిందంతా వాగులోకి దిగింది. ఒక పొద్దున పశువులకు గడ్డి వేస్తున్న చిన్నతాయి చటుక్కున ఆగింది. అంత కుంభవృష్టిలో, గట్లు తెంచుకునేటట్టు రొద చేస్తున్న వాగు ఉన్నట్టుండి మూగబోయింది. తుంగవేళ్ళూ ప్లాస్టిక్ సంచులూ కొట్టుకొచ్చి సిమెంటు గొట్టం నోరు మూసుకుపోయింది. వాగు తల తిప్పుకుంది. చిన్నతాయి గోనెసంచి నెత్తిన వేసుకుని స్వర్ణపురికి పరిగెత్తింది.

ఆర్చి దగ్గర తాను చూసినది ఊళ్ళో చెబితే చాలామంది నమ్మలేదు. నీళ్ళు విరుచుకుపడడం లేదు. నడుస్తున్నాయి. ఎర్రగా, మెల్లగా, తారు రోడ్డు వెంట పోతూ ప్రతి ఇంటి ముందూ కాసేపు ఆగి, మెట్టు దాకా ఎక్కి, మళ్ళీ దిగి ముందుకు సాగుతున్నాయి. ఇంకిపోవడానికి అక్కడ మట్టి అనేదే లేదు. కప్పుల మీది నీళ్ళు, ప్లాట్ల మీది నీళ్ళు అన్నీ ఆ ఊరేగింపులో కలుస్తున్నాయి. చివరి ఇంటి దగ్గర వెనక గోడ అడ్డు. నీళ్ళు ఇక అక్కడి నుంచి కదల్లేదు. నిలిచి, పెరగడం మొదలుపెట్టాయి.

శరవణకుమార్ పనిలో ఉన్నాడు. కార్తీశ్వరి నడిమింట్లో మంచం మీద పిల్లను హత్తుకుని కూచుంది. వాకిలి లోపల మోకాలి లోతు. చిన్నతాయి తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళింది. కాళ్ళ కింద టైల్సు కదులుతున్నాయి. వెనక కిటికీలోంచి చూస్తే పార్కు చోట గ్రావెల్ కరిగి కుంగింది. ఆ గుంటలోంచి ఒక కుండ పైకి లేచి తేలింది. దాని పక్కన ఇంకొకటి. నల్లబడ్డవి, నాచు పట్టినవి, గవ్వకళ్ళవి. మూతులు బిగించి కట్టిన తలలన్నీ ఒక్కొక్కటే ఊపిరి పీల్చుకోవడానికి వచ్చినట్టు పైకి వచ్చాయి. ఒకదానికి ఒంటి గవ్వే ఉంది. అది అత్త సీనియమ్మాళ్ చేతి కుండ అని, అప్పట్లో ఈడుస్తుంటే ఒక గవ్వ ఊడిపడిందని చిన్నతాయి గుర్తుపట్టింది.

పై ప్లాటులో పనికి పెట్టిన జేసీబీ తీసుకుని కరుప్పయ్య నీళ్ళను కోసుకుంటూ వచ్చాడు. పక్క కిటికీ ఊచలు పెకలించి, జేసీబీ ముందరి తొట్టిని కిటికీకి ఆనించాడు. పిల్లను, కూతుర్ని, చివరగా తల్లిని ఎక్కించుకున్నాడు. గోడ పగలగొడితే గాని నీళ్ళు దిగవని అతనికీ తెలుసు. ఎక్కడ పగలగొట్టాలన్నదే తెలియదు. తన చేత్తోనే అంతా ఒకే ఎత్తుకు చదును చేశాడు. ఎటు చూసినా ఎర్ర నీళ్ళూ తెల్ల గోడా. తప్పు చోట కొడితే ఆ విసురు మిగతా ఇళ్ళ మీదికి మళ్ళుతుంది. తమిళంలో అరిచి అడిగాడు, పాత పల్లం ఎటు దిగేదని.

చిన్నతాయి కుండలను చూసింది. అప్పటిదాకా అటూ ఇటూ తిరుగుతున్న తలలు ఒక్కచోట గోడకు చేరి, నుదుళ్ళతో గోడను మెల్లగా కొడుతున్నాయి. అన్నీ అక్కడే. చోటు ఆమెకు తెలిసిందే, తలలు కూడా అదే చూపిస్తున్నాయి. చెప్పాల్సింది నోరు. ఆ నోరు ఇన్నేళ్ళూ మూసుకున్నందుకే కూతురు ఇవాళ ఇనపతొట్టిలో వణుకుతూ కూచుంది. పేరు పలికితే పిలిచినట్టు. ఇంకా పిలవడానికి ఏం మిగిలింది, వచ్చేసింది కదా.

"అది కోరపల్లం మూతి," అంది గట్టిగా. "నా అత్త పాతింది ఆడ, నేను పాతింది ఆడ. నా బిడ్డ ఇల్లు దాని మిందనే ఉండాది. ఆడ పగలగొట్టు."

కార్తీశ్వరి తల తిప్పి తల్లి ముఖం చూసింది.

కరుప్పయ్య జేసీబీ వెనక చెయ్యి తిప్పి కొట్టాడు. గోడ కూలింది. నీళ్ళు ఒక్క అరుపు అరిచి కమ్మాయివైపు పడ్డాయి. తలలన్నీ దొర్లుకుంటూ వెళ్ళిపోయాయి. ఒక్కటి తప్ప. నీలిగళ్ళ చీర చుట్టుకున్న కొత్త కుండ ఆ వరదలోనే వెనక్కి తిరిగి, సుడిలో మెల్లగా తిరుగుతూ ఇల్లు చుట్టి వచ్చి, కార్తీశ్వరి గడప ముందు మెట్టుకు తగులుకుని ఆగింది. తొట్టిలోంచి ముగ్గురూ చూశారు. అప్పుడే ఇంట్లోంచి పెద్ద చప్పుడు వినిపించింది. నడిమింటి నేల, మంచంతో ఉయ్యాలతో సహా, కిందికి దిగిపోయింది.

తర్వాత తంగరాజ్ వచ్చి ఆ గుంట చూశాడు. కూలిన గోడ మళ్ళీ కట్టనని, గొట్టం తీసేసి వాగును దాని దారిన తవ్విస్తానని చెప్పి, చేశాడు కూడా. పల్లంలో ప్లాట్లు కొన్నవాళ్ళకు మెరకలో ఇచ్చాడు. కట్టుకుని కాపురమున్న ఇల్లు మాత్రం కార్తీశ్వరిది ఒక్కటే. దాన్ని పడగొట్టారు. ముందు మెట్టు ఒక్కటి మిగిలింది. వాళ్ళు కోవిల్‌పట్టిలో అద్దెకు పోయారు. కార్తీశ్వరి తల్లితో మాట్లాడడం మానలేదు గాని, పొడిపొడిగా మాట్లాడేది. చెప్పి ఉంటే కొనేవాళ్ళం కాదు కదా అన్న మాట ఇద్దరి మధ్యా ఉండేది. ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. గ్రావెల్ తీసేసిన చోట ఏడాది తిరిగేసరికి తుంగ లేచింది. కొంగలు తిరిగి వచ్చి నిజం నీళ్ళలో నిలబడ్డాయి.

మళ్ళీ ఒక కరువు వచ్చింది. ఆడవాళ్ళు బొమ్మ చేసి చిన్నతాయిని పిలిచారు. ఆమె ఒద్దంది, అప్పటికే సగం గొంతు పోయింది. చివరికి ఒప్పుకుని పాత చీర ఇచ్చింది. ఈసారి ఆర్చివైపు ఎవరూ చూడలేదు. వీధులు తిప్పి, తెరిచిన వాగులోకి దించి, ఇసుక మీద ఈడ్చుకుపోయారు. కోరపల్లం అంచున తాడు బిగుసుకుంది. లాగితే రాలేదు. ఎండిన తుంగ పాయలు చేసి చూస్తే, కొడుంబావి పాత మెట్టుకు ఆనుకుని ఉంది. కుండ తల పక్కకు ఒరిగి, తలుపు లేని ఆ చోటునే చూస్తోంది.

తాడు పట్టుకున్న ఆడవాళ్ళు లాగడం ఆపేశారు. వెనక నుంచి గుంపును తోసుకుంటూ కార్తీశ్వరి వచ్చింది. ఆమె వచ్చినట్టు తల్లికి తెలియదు. చంకలో ఇత్తడి బిందె ఉంది. కోవిల్‌పట్టి నుంచి బస్సులో, ఒళ్ళో పెట్టుకుని తొణక్కుండా తెచ్చిన నీళ్ళు. మెట్టెక్కి, తన గడప ఉండిన చోట నిలబడి, వంగి, మొత్తం బొమ్మ మీద కుమ్మరించింది.

"నాదే తప్పు. ఆలీసమాయె, తాగు," అంది.

తాడు వదులైంది. పాతిపెట్టారు. చిన్నతాయి ఆ ఒక్క మాట అనాలి. నోరు తెరిచింది. గొంతు రాలేదు. నాలుక మీద మాట ఉంది, కానీ ఆ మాట తన బిడ్డ ఇంటికి ఏం చేసిందో గుర్తొచ్చి అక్కడే ఆగిపోయింది. అందరూ ఎదురుచూస్తున్నారు. కార్తీశ్వరి ఖాళీ బిందె కింద పెట్టి తల్లి చెయ్యి పట్టుకుంది. జుట్టుముడి తానే విప్పుకుంది. ఆమె గొంతు తల్లి గొంతు కాదు, అచ్చం సీనియమ్మాళ్‌ది.

"పోయిన తోవనే తిరిగి రా."

తల్లీకూతుళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఊరివైపు నడిచారు. వెనకాల, బీటలు తీసిన ఎండు నేలలో ఒక కప్ప అరిచింది. తర్వాత కోరపల్లం అంతా జవాబిచ్చింది. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.